మీతో ఎవరు చెప్పగలరండీ?



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక కువైట్ నుంచి మన అబ్బాయి ఒకడు ఫోన్ చేశాడు. "అయ్యగారూ, ఇంకా ఎన్నాళ్లు ఆ రేకుల కింద? లైవ్‌లో చూస్తుంటే వాన చప్పుడు తప్ప మీ మాట ఒక్కటీ వినపడలేదు. మేం నలుగురం అనుకున్నాం, స్లాబ్ వేసేద్దాం" అన్నాడు. ఆ సాయంత్రమే మన వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాడు. గంటలోపే బొటనవేళ్లు వరసగా పైకి లేచాయి. నా వేలు ఒక్కటే లేవలేదు. అది గమనించి ఇద్దరు ముగ్గురు విడిగా మెసేజ్ పెట్టారు, అయ్యగారికి ఇష్టం లేదా అని.

ఇష్టం లేక కాదు. జవాబు చెప్పాలంటే ముందు ఒక సంగతి చెప్పాలి. ఊళ్లో ఉన్నవారికి అది సగం తెలుసు. 2020లో సంఘం ముందు నిలబడి అప్పు సంగతి ఒప్పుకున్నాను గానీ, మా ఇంట్లో జరిగింది మాత్రం చెప్పలేదు. ఈసారి రాస్తానని మా ఇంట్లో ఆమెను అడిగాను. "రాయండి. కానీ నన్ను అబీగయీలును చెయ్యమాకండి" అంది. ఎందుకలా అందో మీకే తెలుస్తుంది.

2019లో మనకు పాత పెంకుల మందిరం ఉండేది. మీలో చాలామంది దాని నేల మీద పాకినవాళ్లే. పక్క ఊరి సంఘం ఆ ఏడాది స్లాబ్ వేసుకుంది. ప్రతిష్ఠ పండుగకు నన్నూ పిలిచారు. వెళ్లాను, ప్రార్థన చేశాను, భోజనం చేశాను. తిరిగొచ్చేటప్పుడు బండి మీద నా మనసులో ఉన్నది సంతోషమేనని అప్పుడు అనుకున్నాను. ఇంటికొచ్చి మన మందిరం చూస్తే, పక్కకు ఒరిగిన పెంకులూ, పిచ్చుకల గూళ్లూ, మూల తడిచి నల్లబడిన గోడా కనపడ్డాయి. అంతకుముందు రోజు కూడా అవి అక్కడే ఉన్నాయి మరి.

ఆ తర్వాతి ఆదివారమే సామెతలు 9వ అధ్యాయం తీసి ప్రసంగం చేశాను. జ్ఞానం తనకు ఇల్లు కట్టుకుని ఏడు స్తంభాలు చెక్కించుకుందన్న మాట పట్టుకుని, మనమూ దేవునికి ఏడు స్తంభాల మందిరం కట్టాలన్నాను. ఒక్కో స్తంభానికి ఒక్కో పేరు పెట్టాను. ప్రార్థన స్తంభం, విశ్వాస స్తంభం, త్యాగ స్తంభం, అలా ఏడు. జనం బాగా స్పందించారు. కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. మర్నాడు మేస్త్రీని పిలిచి కొలతలు చూపిస్తే ఆయన కాసేపు బుర్ర గోక్కుని, "ఎనిమిది పడతాయి అయ్యగారూ. ఏడు పెడితే ఒక మూల కూలుద్ది" అన్నాడు. ఆయన సంఘంవాడు కాదు. నా ప్రసంగం మొత్తంలో ఉన్న తప్పును ఆయన ఒక్క మాటలో పట్టుకున్నాడు గానీ నేను నవ్వి ఊరుకున్నాను. ఎనిమిదో దానికి కృతజ్ఞతా స్తంభం అని పేరు పెట్టి సర్దేశాను.

ఎస్టిమేటు 8 లక్షలైంది. మన దగ్గర కూడబెట్టినవి 2,40,000. ఇంకో 3 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానని ఒకాయన ముందుకొచ్చాడు. మిగిలింది దేవుడు చూసుకుంటాడని నేను అన్నాను. నాతోపాటు బైబిలు ట్రైనింగ్ చేసిన నా ఈడు సేవకులు ఇద్దరు ముగ్గురిని అడిగితే, "అడుగు ముందుకేస్తేనే యొర్దాను పాయలవుతుంది బ్రదర్" అన్నారు. రెహబాము రాజు కూడా ఇలాగే ముందు పెద్దవాళ్లను అడిగి, వాళ్ల మాట రుచించక, తనతో పెరిగినవాళ్లను అడిగాడు. నేను ఆయన కంటే ఒక మెట్టు కిందే ఉన్నాను. పెద్దవాళ్లను అడగనే లేదు.

అడగకుండానే చెప్పిన మనిషి ఒకరున్నారు. ఆమె పేరు రాయను. మీరంతా మామ్మ అని పిలుస్తారు, చాలు. చదువు రాదు. భర్త పోయాక ఎకరం చెక్క కౌలుకు చేసుకుంటూ, కూలికి వెళ్తూ ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసింది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టి, నెలాఖరుకు సంచితో తెచ్చి మందిరంలో ఇస్తుంది. పాత మందిరానికి పెంకులు ఎత్తిన చేతుల్లో ఆమె భర్తవి కూడా ఉన్నాయి.

ఒక బుధవారం ఉపవాస కూటం అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి నా దగ్గరకొచ్చింది. "అయ్యగారూ, మూడు లక్షలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు తొమ్మిది వేలు. మన కానుక పెట్టె నెలకు ఆరు వేలు దాటదు. మిరపకాయలమ్మినప్పుడు ఓ నెల పది వస్తదేమో. ఉన్న కప్పు పీకేసి లేని కప్పు కోసం అప్పు చెయ్యమాకండయ్యా" అంది. వేళ్ల మీద లెక్కపెట్టి మరీ చూపించింది. పైగా, "గోపురం కట్టేవాడు ముందు కూచుని ఖర్చు లెక్కేసుకోవాలని ప్రభువు చెప్పాడని మీరే కదయ్యా చెప్పింది" అంది.

లూకా 14లోని మాట అది. నేను ఎప్పుడో చెప్పిన వాక్యాన్ని దాచుకుని, నాకే తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం నాకు కోపం ఎందుకొచ్చిందో చాలా రోజులు నాకే అర్థం కాలేదు. ఆమె తప్పు చెప్పినందుకు రాలేదు. ఆ లెక్క నేనూ ఒక రాత్రి వేసుకున్నాను. వేసుకుని కాగితం మడిచి పెట్టేశాను. నేను మడిచి దాచిన కాగితాన్ని ఆమె విప్పి చదివినట్టయింది.

"ప్రార్థన చేద్దాం మామ్మా" అని పంపేశాను. అయితే ఆదివారం నాడు నేను చేసింది ప్రార్థన కాదు. సంఖ్యాకాండం 13 తీశాను. కనాను దేశాన్ని చూసి రమ్మని పన్నెండుగురిని పంపితే పదిమంది భయపడి వచ్చి జనం గుండె చెదరగొట్టారు, కాలేబూ యెహోషువా మాత్రమే నిలబడ్డారు అని చెప్పాను. "ఇవాళ కూడా మన మధ్య వేళ్ల మీద లెక్కలు వేసే వేగులవాళ్లు ఉన్నారు" అన్నాను. ఆ మాటతో పాటు చేతి వేళ్లు కూడా ఆడించి చూపించాను. ఆమె ఎప్పుడూ కూర్చునే రెండో వరసలోనే కూర్చుని ఉంది. జనంలో కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఆమె తల దించుకుని చీర కొంగు సర్దుకుంది.

పై ఆదివారం నుంచి మామ్మ లోపల కూర్చోలేదు. మానేసిందనుకోకండి. బయట వేపచెట్టు కింద, చెప్పులు విడిచే చోట కూర్చునేది. బియ్యం సంచి మాత్రం నెల తప్పలేదు.

అక్టోబరులో ప్రోనోటు రాశాను. పెంకులు దించాం. ఎనిమిది స్తంభాలు లేచాయి, పైన బీములు పడ్డాయి, క్రిస్మస్‌కు డబ్బు అయిపోయింది. తర్వాత లాక్‌డౌన్ వచ్చింది కాబట్టి పని ఆగిపోయిందని నేను అందరితో చెప్పాను. బయట సంఘాలవాళ్లు కూడా అయ్యో పాపం అన్నారు. ఇప్పుడు నిజం చెప్తాను. లాక్‌డౌన్ మొదలైంది 2020 మార్చి 25న. నేను ఫిబ్రవరి వడ్డీ కట్టలేదు. జనవరిది మా పిల్లవాడి కాలేజీ ఫీజుకు దాచిన డబ్బులో కట్టాను. కరోనా రాకపోయినా మామ్మ వేళ్ల మీద లెక్క అక్కడికే వచ్చి ఆగేది. మహమ్మారి నాకొక సాకు దొరికింది, అంతే.

జూన్ 8 నుంచి ప్రార్థనా మందిరాలు తెరుచుకోవచ్చన్నారు. తెరవడానికి మనకు తలుపు ఉంటే కదా. స్తంభాల మధ్య పట్టా కట్టుకుని, దూరం దూరంగా కూర్చుని ఆరాధన చేశాం. పైన ఇనప చువ్వలు తుప్పు పట్టి, వాన పడినప్పుడు ఎర్రటి నీళ్లు స్తంభాల మీదుగా కారేవి. ఒక చిన్నపిల్ల వాళ్లమ్మను అడగడం విన్నాను, స్తంభాలకు రక్తం ఎందుకు వస్తోందని.

ఇక ఇంటి సంగతి.

ఆగస్టులో ఒక రాత్రి కరెంటు లేదు. ఆదివారం వాక్యానికి సిద్ధపడదామని దీపం పెట్టుకుని, నా బైబిలు సంఘం దగ్గర ఉండిపోతే మా ఇంట్లో ఆమె బైబిలు తీసుకున్నాను. మధ్యలో మడిచిన చీటీ ఒకటి జారి పడింది. తాకట్టు చీటీ. వాళ్లమ్మ పెళ్లికి పెట్టిన రెండు గాజులు. ఏప్రిల్ తేదీ వేసి ఉంది.

నేను ఆమెను కేకేశాను. గట్టిగానే అన్నాను, ఇదేంటని, నాకెందుకు చెప్పలేదని. ఆమె చేతిలో గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టి, నాలుగు నెలల నుంచి వడ్డీ ఆయన మధ్యాహ్నం పూట, నేను లేనప్పుడు వస్తున్నాడని చెప్పింది. వీధిలో నిలబడి మాట్లాడతానంటే పరువు పోతుందని తానే కడుతున్నానంది. నేను మళ్లీ అదే అడిగాను, నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా అని. అప్పుడు ఆమె, కోపంగా కూడా కాదు, అలిసిపోయిన గొంతుతో, "మీతో ఎవరు చెప్పగలరండీ?" అంది.

ఆ మాట నేను ఎక్కడో చదివాను. చదవడమేంటి, దాని మీద ప్రసంగాలు చేశాను. 1 సమూయేలు 25.

కథ మీకు తెలిసిందే గానీ ఒకసారి నాతోపాటు చూడండి. మాయోనులో నాబాలు అనే ధనవంతుడు, 3,000 గొర్రెలు, 1,000 మేకలు. కర్మెలులో బొచ్చు కత్తిరించే పండుగ రోజు. దావీదు మనుషులు అడవిలో అతని మందకు కాపలాగా ఉన్నారు. అందుకని దావీదు పదిమందిని పంపి, చేతికి వచ్చింది ఏదైనా ఇవ్వమని మర్యాదగా అడిగించాడు. నాబాలు వాళ్లను తూలనాడి పంపాడు. ఆ జవాబు మీరే తీసి చదవండి, అందులో రొట్టె దగ్గర్నుంచి మాంసం దాకా ప్రతిదానికీ ముందు 'నా' అని ఎలా తగిలిస్తాడో. ఇక్కడ దావీదు 400 మందితో కత్తులు కట్టుకుని బయలుదేరాడు. తెల్లారేసరికి ఆ ఇంట మగవాణ్ణి మిగల్చనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ సమయంలో నాబాలు పనివాడొకడు యజమాని దగ్గరకు పోలేదు. ఆయన భార్య అబీగయీలు దగ్గరకు పరుగెత్తాడు. కీడు వచ్చి పడబోతోందని చెప్పి, ఎందుకు ఆమె దగ్గరకు వచ్చాడో కారణం కూడా చెప్పాడు: అతనితో మాట్లాడడం ఎవరి వల్లా కాదు.

మా ఇంట్లో ఆమె ఆ అధ్యాయం తలుచుకుని అనలేదు. ఆమె నోటికి వచ్చింది అన్నది. నేనే ఆ దీపం ముందు కూర్చుండిపోయాను.

ఇన్నేళ్ల సేవలో ఆ అధ్యాయం ఎన్నిసార్లు చెప్పానో. పురుషుల కూటంలో చెప్పినప్పుడు నన్ను నేను దావీదు పక్కన నిలబెట్టుకున్నాను, కోపం అణుచుకున్న దైవజనుడిగా. స్త్రీల సమాజంలో చెప్పినప్పుడు, ఇదిగో మీరంతా అబీగయీలులా ఉండాలని బోధించాను. నాబాలు పక్కన ఎప్పుడూ కుర్చీ వేసుకోలేదు. వాడు తాగుబోతు, లోభి, మనకేం సంబంధం అనుకున్నాను. ఆ రాత్రి చదువుతుంటే ఇంకొకటి కనపడింది. ఎన్నో సార్లు కళ్ల ముందు నుంచి పోయిన మాటే. నాబాలు కాలేబు వంశంవాడు! మామ్మను పదిమంది వేగులవాళ్లలో కలిపేసి, నన్ను కాలేబును చేసుకుని ప్రసంగించానే, ఆ కాలేబు వంశంలోనే పుట్టాడు నాబాలు. దేవుని వాక్యం కొన్నిసార్లు మనిషిని ఇలా కూర్చోబెట్టి నవ్వుతుంది.

తర్వాత సామెతలు 9 మళ్లీ తీశాను, ఏడు స్తంభాల కోసం కాకుండా. ఆ అధ్యాయంలో ఇద్దరు స్త్రీలున్నారు. జ్ఞానం ఒకామె, బుద్ధిహీనత ఒకామె. ఇద్దరికీ ఇల్లుంది. ఇద్దరూ ఊళ్లో ఎత్తైన చోటు నుంచే పిలుస్తారు. పిలిచేది కూడా ఒకే రకం మనుషుల్ని, తెలివి తక్కువవాళ్లను, ఇంచుమించు ఒకే మాటలతో. వీధిలో పోయేవాడికి ఆ రెండు గొంతులూ వేరని ఎలా తెలుస్తుంది? జ్ఞానం విందు సిద్ధం చేసి, పశువుల్ని కోసి, పనికత్తెల్ని పంపింది. రెండో ఆమె వాకిట్లో కూర్చుని కేకలేస్తుంది, ఆమె దగ్గరున్నది దొంగ నీళ్లూ చాటు రొట్టే. అయితే అది లోపలికి వెళ్లాక తెలిసే సంగతి. నేను పక్క ఊరి స్లాబ్ కింద భోంచేసి వచ్చిన రోజు నాకు వినపడిన పిలుపు అచ్చం జ్ఞానం గొంతులాగే ఉంది. మందిరం కట్టమంది, దేవుని పేరే చెప్పింది, వాక్యం కూడా ఎత్తింది.

ఆ రెండు పిలుపులకూ మధ్యలో కొన్ని వచనాలు ఉన్నాయి. నేను వాటిని ఎప్పుడూ దాటుకుని పోయేవాణ్ణి, అవి అక్కడ అతకనట్టుగా అనిపించేవి. అపహాసకుణ్ణి దిద్దబోతే తిట్లు తగులుతాయి, జ్ఞానిని గద్దిస్తే వాడు నిన్ను ప్రేమిస్తాడు అనే భావం ఉన్న వచనాలు. ఆ రాత్రి అవి సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాయనిపించింది. ఇది నా ఆలోచన, పెద్ద పండితులు ఇంకోలా చెప్తారేమో. రెండు ఇళ్ల మధ్య వీధిలో నిలబడ్డవాడు తాను ఎటు నడుస్తున్నాడో తెలుసుకోవడానికి దేవుడు అక్కడ ఒక గుర్తు పెట్టాడనుకుంటాను. నిన్ను దిద్దిన మనిషిని నువ్వేం చేశావు? నేనేం చేశానో నాకు తెలుసు. చెప్పులు విడిచే చోట కూర్చోబెట్టాను.

దావీదు సంగతి కూడా ఆ రాత్రి వేరేగా అర్థమైంది. 24వ అధ్యాయంలో గుహలో సౌలు చేతికి దొరికితే వదిలేశాడు. 26లో మళ్లీ వదిలేస్తాడు. మధ్యలో ఈ 25లో, ఒక పూట భోజనం దగ్గర జరిగిన అవమానానికి ఇంటిల్లిపాదినీ నరకడానికి పోతున్నాడు. అభిషేకం ఉన్నవాడే. ఆ గంటలో నాబాలుకూ దావీదుకూ బుద్ధిలో పెద్ద తేడా లేదు. 200 రొట్టెలు, రెండు తిత్తుల ద్రాక్షారసం, అయిదు గొర్రెల మాంసం, వేయించిన ధాన్యం, ఎండు ద్రాక్షలు, అంజూరపు అడలు గాడిదల మీద వేసుకుని వచ్చిన ఒక స్త్రీ, కొండ మలుపులో ఎదురుపడి, అయ్యా వద్దు అంది. ఆయన ఆగాడు. 400 మంది చూస్తుండగా ఆగి, నిన్ను పంపిన దేవునికి స్తోత్రమన్నాడు, ఆమె బుద్ధికి దీవెన చెప్పాడు. ఒట్టు పెట్టుకున్న మాట వెనక్కి తీసుకోవడానికి మనుషుల ముందు ఎంత సిగ్గుగా ఉంటుందో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు.

నాబాలుకు తెల్లారి మత్తు దిగాక ఆమె సంగతంతా చెప్పింది. అతని గుండె లోపల చచ్చి, మనిషి రాయిలా అయిపోయాడు. సుమారు పది రోజులకు చనిపోయాడు. ఆ పది రోజులు అతను నోరు తెరిచాడా, ఎవరినైనా పిలిచాడా, గ్రంథం చెప్పదు. తెరిచే స్థితిలోనే లేడేమో. నేను మాత్రం ఆ రాత్రి నా నోరు ఇంకా పనిచేస్తోందని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. మొదట మా ఇంట్లో ఆమెతో చెప్పాల్సింది చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. "ముందు అన్నం తినండి" అంది. ఆమెను అబీగయీలును చేయొద్దన్నది ఇందుకే. "అబీగయీలుకు ధైర్యముంది, దారిలోకి ఎదురెళ్లింది. నాకు భయమేసి దాచాను. దాచకపోతే నాలుగు నెలల ముందే తెమిలేది" అంటుంది. ఆమె మాట అలాగే రాస్తున్నాను. నా ఉద్దేశం వేరు. భయపడేలా చేసినవాడి తప్పు ముందు లెక్కలోకి వస్తుంది.

పొద్దున్నే మామ్మ ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవబోయింది, వద్దని నేనే కింద కూర్చున్నాను. చెప్పాలని దారంతా కూడగట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "తప్పయిపోయింది మామ్మా" అన్నాను. ఆమె చాలాసేపు కాయలు ఒలుస్తూనే ఉంది. తర్వాత, "ఒక్కటి అడగనా అయ్యగారూ, ఆ పదిమంది వేగులవాళ్లలో నేను ఎన్నోదాన్ని?" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లు నవ్వలేదు. నాకు జవాబు లేదు. లోపలికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది. తాగుతుండగా, "అందరి ముందు అన్నారు కదయ్యా. అందరి ముందే చెప్పండి మరి. నా కోసం కాదు, మా మనవరాలు ఆ రోజు అక్కడే ఉంది" అంది.

ఆ ఆదివారం చెప్పాను. అప్పు, వడ్డీ, ఫిబ్రవరి, అన్నీ. మామ్మకు క్షమాపణ కూడా. చెబితే అంతా బాగుపడిందని రాస్తే అది అబద్ధమవుతుంది. రెండు కుటుంబాలు ఆ నెలలోనే వేరే సంఘానికి వెళ్లిపోయాయి. డబ్బు సంగతిలో నమ్మలేని సేవకుడి దగ్గర వాక్యం ఎలా వినాలని ఒక సహోదరుడు నా ముఖం మీదే అడిగాడు. ఆయన అడిగింది న్యాయమే. ఇప్పటికీ ఎదురైతే వందనం చెప్తాను, ఆయనా చెప్తాడు.

వడ్డీ ఆయన దగ్గరకు సంఘ పెద్దలు ఇద్దరు, మామ్మ, నేను వెళ్లాం. మాట్లాడింది మామ్మే. వడ్డీ రూపాయికి దించి, పాత బాకీ వడ్డీ వదిలేయడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఇక స్లాబ్ సంగతి వచ్చినప్పుడు ఆమె, "స్తంభాలున్నాయి కదయ్యా, పైన రేకులేసుకుందాం" అంది. ప్రియులారా, ఆ మాట నాకు అప్పుకంటే కష్టంగా తగిలింది. ఇంత చేసి రేకులా? పక్క ఊరివాళ్లు ఏమంటారు? క్షమాపణ అడిగి నెల కూడా కాలేదు, అప్పుడే నా లోపల పాతవాడు లేచి కూర్చున్నాడు. ఆ రోజు నేను వెంటనే సరే అనలేదు. మూడు రోజులు పట్టింది. పాత పెంకులూ, తాటి దూలాలూ అమ్మగా వచ్చిన డబ్బుతో, మన కుర్రాళ్ల చేతి పనితో 2021 ఫిబ్రవరిలో రేకులు వేశాం. అప్పు 2022 డిసెంబరులో తీరింది. అందులో మీలో చాలామంది కష్టార్జితం ఉంది, కువైట్ ఎండలో సంపాదించిన దినార్లు ఉన్నాయి, మామ్మ బియ్యం సంచులున్నాయి. మా ఇంట్లో ఆమె గాజులు మాత్రం రాలేదు. గడువు దాటి వేలంలో పోయాయి. ఆమె చేతికి ఇప్పుడున్నవి మట్టిగాజులే. అడిగితే అవే తేలిగ్గా ఉన్నాయంటుంది.

మామ్మ మళ్లీ రెండో వరసలోకి వచ్చింది. వచ్చి ఊరుకుంటుందా? కిందటి నెల ప్రసంగం అయ్యాక, "వాక్యం బాగుందయ్యా, గంట ముప్పావు అయింది, పసిపిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు" అంది. ఒక్క క్షణం నాకు చురుక్కుమంది. అబద్ధమెందుకు, ఇప్పటికీ చురుక్కుమంటుంది. ఇంటికొచ్చి నోట్సు తీసి సగం కొట్టేశాను.

ఇక మన పిల్లవాడి ఫోనుకు జవాబు. బాబూ, నీ మనసుకు స్తోత్రం. వాన చప్పుడు నిజమే, మాట వినపడకపోవడమూ నిజమే. మేస్త్రీ చేత కొత్త ఎస్టిమేటు రాయించాను, 11 లక్షలంటున్నాడు. గ్రూపులో మీరు ఇస్తామన్నవి కూడితే 4 లక్షల దాకా వచ్చాయి. ఎనిమిది స్తంభాలూ బరువు మోస్తాయో లేదో, తుప్పు ఎంత లోపలికి పోయిందో చూడమని ఇంజనీరు చదివిన మన అమ్మాయిని అడిగాను. ఆమె దసరా సెలవులకు వచ్చి చూస్తానంది.

ఈలోపు శనివారం సాయంత్రం ఆ కాగితం పట్టుకుని మామ్మ ఇంటికి వెళ్తున్నాను. సంఘ పెద్దలూ వస్తున్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు ఎవరైనా రావచ్చు, ఎవరికి ఏం చెప్పాలనిపిస్తే అది అక్కడే చెప్పొచ్చు. ఈ మధ్య మామ్మకు చెవులు సరిగా వినపడడం లేదు కాబట్టి ఒక్కో అంకే గట్టిగా చదవాలి. వీధి చివరి దాకా వినపడుతుంది.